మూడో పిలుపు

“సచ్చినోడు పలుకుతడా అన్నా?”

నేను కూర్చోకముందే కానిస్టేబుల్ సైదులు అడిగిన మాట ఇది. స్టేషన్ వెనక గదిలో, గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. మొన్నటిదాకా అదే గదిలో వేరేవాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలు వేసిన మనిషి. ఇప్పుడు నడుముకు బెల్టు లేదు. కుడి చేతికి కొత్త తాయెత్తు ఉంది. అతని భార్య మల్లిక నా దగ్గరికి వచ్చే ముందు దర్గాకు పోయి తెచ్చి కట్టిందట.

నా పేరు రాంచందర్. నల్లగొండలో ఒక జిరాక్స్ షాపు మీద గది, గదికి ‘ప్రైవేటు డిటెక్టివ్’ అని బోర్డు. వచ్చే కేసులన్నీ దాదాపు పెళ్లి సంబంధాలవే. పిల్లగాడు తాగుతాడా, పిల్లకు ఎవరితోనైనా మాటలున్నాయా, ఇంతే. అందుకే ఈ పొద్దున మల్లిక వచ్చి “నా మొగన్ని హంతకుడంటున్నరు సారూ” అన్నప్పుడు, సిగ్గు విడిచి చెప్తున్నా, నాకు లోలోపల సంతోషమే వేసింది. సైదులు మొహం చూశాక ఆ సంతోషం ఎటు పోయిందో తెలియదు.

“పది నిమిషాలు,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ సీఐ రాజేశ్. “ఆయన భార్య ఏడ్చింది గనక లోపటికి పంపిస్తున్న. లేకుంటే పెళ్లిళ్ల పేరయ్యకు స్టేషన్ల ఏం పని?”

జరిగింది ఇది. నకిరేకల్ దాటి లోపలికి పోతే ఊట్లపెల్లి. ఆ ఊరి పక్కన పనులాగిపోయిన గ్రానైటు క్వారీ ఉంది. దాని గుంతలో నిన్న పొద్దున ఒక శవం తేలింది. నడుముకు కట్టిన తాడు తెగింది కాబట్టి తేలింది. తాడు రెండో కొసన ఉన్న బండ నీళ్లలోనే ఉండిపోయింది. మొహం గుర్తుపట్టేలా లేదు. ముంజేతి మీద ‘నిహారిక’ అని కూతురి పేరు పచ్చబొట్టు చూసి ఎల్లస్వామి అని తేల్చారు. హత్య కేసులో యావజ్జీవం పడి, పదిహేనేళ్లు లోపలుండి, నడవడిక బాగుందని కిందటేడు షరతుల మీద విడుదలైన మనిషి. చనిపోయి పది రోజులకు తక్కువ లేదని దవాఖానలో డాక్టరు తేల్చి చెప్పాడు.

చిక్కు ఎక్కడంటే, మొన్న సాయంత్రం దాకా ఎల్లస్వామి ఇంట్లోనే ఉన్నాడని సైదులు రోజూ స్టేషన్‌లో చెప్తూ వచ్చాడు.

విడుదలైనవాళ్లు మళ్లీ ఏదైనా చేస్తే జవాబు ఎవరు చెప్పాలన్న భయంతో ఈ సర్కిల్‌లో ఒక పథకం మొదలుపెట్టారు. కానిస్టేబుల్ మామూలు డ్యూటీ దిగాక వాళ్ల ఊళ్లకు పోవాలి. షరతు ప్రకారం దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరారా లేదా చూసి రావాలి. ఆ తిరుగుడుకు ఓవర్‌టైం ఇస్తారు. పోలీసుకు ఓవర్‌టైం అన్న మాటే మన దగ్గర వింత గనక పథకానికి పై నుంచి మెప్పు వచ్చింది. మెప్పు సీఐకి పోయింది, తిరుగుడు సైదులుకు మిగిలింది.

“నాకొక్క మాట చెప్పు సైదులూ. పోయినవా, పోలేదా?”

“పోయిన. మా బిడ్డ మీద ఒట్టు. ఒక్కనాడు గూడ ఎగ్గొట్టలే.”

“మొహం చూసినవా?”

 తాయెత్తును వేళ్లతో తిప్పుకున్నాడు.

“మొదట్ల చూసేటోన్ని. దర్వాజ కాడికి పిలిచి జర మాట్లాడి పోయేటోన్ని. ఒకనాడు గాయనే అన్నడు. ‘సార్, రోజు గిట్ల బయటికి పిలుస్తే వాడంత చూస్తాంది. మా అమ్మ తల ఎత్తుకోలేకపోతాంది. మీరు ముంగటి బండ మీద కట్టె కొట్టుండ్రి, నేను లోపటికెల్లి పలుకుత’ అని. నాకు పాపమనిపించిందన్నా. సీఐ సారునడిగితే గొంతు వింటే సాలు, తొందరగ తిరుగు అన్నడు. పొద్దంత డ్యూటీ జేసి మల్ల నాలుగూర్లు తిరగాలె. ఒక్కన్నే గద.”

గుమ్మంలో రాజేశ్ గొంతు సవరించుకున్నాడు.

“కట్టె కొడితే ఏమని పలికేటోడు?”

“‘ఉన్న సార్.’ గంతే.”

“మొన్న గూడ గట్లనే పలికిండా?”

“మొన్న గూడ.” సైదులు నా మొహంలోకి చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “పదిరోజుల కిందనే సచ్చిపోయిండంటున్నరు గదన్నా. మరి నాతోని మాట్లాడింది ఎవరు? నేను కండ్లు మూస్తే గదే గొంతు. ఉన్న సార్, ఉన్న సార్ అని. నిన్నటికెల్లి అన్నం దిగుతలేదు.”

నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. ఒళ్లు కాలిపోతోంది.

“జర యాది చేసుకో. ఈ పదిరోజులు గా గొంతుల ఏమన్న తేడా ఉండెనా?”

“బొంగురు పోయినట్టుండె. వానలు గద, దగ్గు వట్టిందనుకున్న.” వేలితో నేల మీద కొట్టి చూపించాడు. “ఇంకోటి గూడ ఉన్నదన్నా. ముందట్ల కట్టె బండకు తగలంగనే పలికేటోడు. నేను చెయ్యి వెనక్కి తియ్యకముందే గొంతు వచ్చేది. గీ మద్దెల ఒకసారి కొడితే పలుకడు, రెండోసారి కొడితే పలుకడు. మూడోసారి కొడితేనే పలుకుడు. నేను ఫికర్ జెయ్యలే. ఇల్లు అలవాటైంది, జైలు మర్చిపోతున్నడు, మంచిదే గద అనుకున్న.”

జైల్లో పొద్దునా సాయంత్రమూ తలలు లెక్కపెడతారు. పేరు పిలవగానే పలకకపోతే ఏమవుతుందో లోపలున్నవాళ్లకు బాగా తెలుసు. పదిహేనేళ్లు అలా పలికినవాడికి ఆ భయం ఒంట్లో ఇంకిపోతుంది. అటువంటివాడు చచ్చిన రోజు నుంచి తీరిగ్గా పలకడం నేర్చుకున్నాడంటే ఎట్లా నమ్మడం?  దయ్యాలున్నాయని నేను నమ్మను. నమ్మకపోయినా భయపడటానికి నాకేమీ అభ్యంతరం లేదు.

“అయిపోయిందా?” రాజేశ్ లోపలికి వచ్చాడు. “నేను చెప్త విను. వీడు ఓవర్‌టైం తీసుకుంట ఇంట్ల పండుకున్నడు. ఎల్లస్వామి గా సంగతి పైకి చెప్తనన్నడు. మాట మాట పెరిగింది, తోసిండు, బండ కట్టి గుంతలేసిండు. రేపు కోర్టుల హాజరుపరుస్త.”

“గొంతు వింటే చాలని చెప్పింది మీరే గద సార్?”

“నేను చెప్పిన్ననడానికి రుజువేంది?”

“ఇప్పుడే మీరు గొంతు సవరించుకున్నరు, విన్న.”

అతని చెంప కదిలింది. రాజేశ్ చెడ్డవాడు కాదు. నిజానికి ఆ పథకం కోసం పై అధికారుల చుట్టూ తిరిగి ఒప్పించింది అతనే. ఇప్పుడు చచ్చినవాడు పదిరోజులు హాజరున్నాడని బయటపడితే పథకం పోతుంది, పేరూ పోతుంది. ఒక కానిస్టేబుల్ దొంగ అయితే మాత్రం రెండూ మిగులుతాయి. తేలిక దారి కనపడ్డప్పుడు మంచివాళ్లే ముందు అందులోకి దిగుతారు, నాకు ఒళ్లు మండేది అందుకే.

నేను లేస్తుంటే సైదులు నా చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, గాయన ఒకనాడు నాతోని అన్నడు. ‘సార్, ఒకరి మాట మీద లోపటికి పోయిన. గిప్పుడు గా మాట అడగాలె’ అని. ఎవల్ని, ఏం మాట అని నేనడుగలే. ఇంకో ఊరికి పోవాలె గద, బండి దిగకనే ఉండె. అడిగినా బాగుండు.”

* * *

ఊట్లపెల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. స్కూటర్ టీ కొట్టు దగ్గర వదిలి వాడలోకి నడిచాను. ఎల్లస్వామి ఇల్లు వాడ చివర ఉంది. ఒకటే గది, ఒకటే తలుపు, ముందు ఒక షాబాదు బండ. ఎదురింటి జంగమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. నేను ఆ ఇంటివైపు తిరగగానే చాట ఎత్తుకుని లోపలికి పోబోయింది.

“అక్కా, జర ఆగు. మొన్నటిదాక గా ఇంట్లకెల్లి గొంతు నువ్వు గూడ విన్నవా?”

“వాడంత విన్నది సారూ. గదే భయం. నిన్నటికెల్లి దీపాలు వెట్టినంక ఎవ్వలు దర్వాజ తీస్తలేరు.”

“మూడోసారికి గాని పలికేటోడు కాదట గద.”

ఆమె నన్ను జాలిగా చూసింది. “మూడోసారికి పలుకక? పొద్దుగూకినంక ఒక్క పిలుపుకు ఎవలన్న పలుకుతరా? పిలిచేది మనిషో కాదో ఎవలకెరుక. దయ్యం రెండుసార్లే పిలుస్తది. మూడోసారి పిలిస్తెనే మనిషి. మీకు పెద్దోల్లు చెప్పలేదా?”

చెప్పారు. మా నాయినమ్మ చీకటి పడ్డాక మా తాతను కూడా మూడుసార్లు పిలిపించుకునేది. ఇంటికి కాలింగ్ బెల్ పెట్టించాక ఆ సంగతే మరిచిపోయాను.

అంటే ఈ పదిరోజులూ పలికింది జైలు చూసిన గొంతు కాదు, ఈ వాడలో పుట్టి పెరిగిన గొంతు. దయ్యం కూడా కాదు. తనను పిలిచేది దయ్యమేమోనని భయపడిన మనిషి. ఆ సంగతి తెలిశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

గడప మీద ఎల్లస్వామి తల్లి నాగులమ్మ కూర్చుని ఉంది. చిన్న మనిషి. కొడుకు చనిపోయాడని కబురు వచ్చి ఒక పగలూ ఒక రాత్రీ గడిచినా ఏడ్చిన గుర్తు లేదు. దవాఖానకు రానందట. శవం తీసుకోనందట.

“అవ్వా, నేను సైదులు తరఫున వచ్చిన.”

“గాడ ఉన్నది నా కొడుకు కాదు,” అంది నా వైపు చూడకుండా.

“పచ్చబొట్టు ఉన్నదంట గద.”

“లోకంల ఒక్కలకే ఉంటదా పచ్చబొట్టు?”

అంతలో వాడలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. రఘుపతి పటేలు వస్తున్నాడు. అరవై దాటిన మనిషి, చేతిలో ఇత్తడి పొన్ను వేసిన కర్ర. పదిహేనేళ్ల కింద ఎల్లస్వామి చంపాడని రుజువైంది ఈయన సొంత అన్ననే. ఎల్లస్వామి అప్పుడు ఆ ఇంట్లో జీతగాడిగా పనిచేసేవాడు. విడుదలకు ఊళ్లో ఎవరైనా పెద్దమనిషి జామీను ఉండాలన్నప్పుడు ముందుకొచ్చింది కూడా ఈయనే. ఆ సంగతి జిల్లా పేపర్లో ఫొటోతో పడింది, నేనూ చదివాను.

“మీ అన్నను చంపినోనికి మీరే జామీను ఉన్నరు. ఎట్ల మనసొప్పింది పటేలా?” అన్నాను.

“పగ పట్టుకోని ఏం జేస్తం సారూ. పోయినోడు రాడు గద.” నవ్వాడు. మాట్లాడుతూ కర్రతో బండ మీద మెల్లగా కొట్టడం ఆయనకు అలవాటున్నట్టుంది. కణ్. “వీని బిడ్డ నిహారికను గూడ నేనే కల్వకుర్తిల హాస్టల్ల వేసి సదివిస్తున్న.” కణ్. “పాపం, గీ ముసల్ది నమ్ముతలేదు. నమ్మకుంటెనే మంచిదేమో.” కణ్.

మూడోసారి కర్ర బండకు తగిలినప్పుడు నాగులమ్మ పెదాలు కదిలాయి. మాటేమీ రాలేదు. దేవుణ్ని తలుచుకుంటోందేమో అనుకున్నాను. ఆ క్షణాన నా తెలివి ఏ చెట్టెక్కి కూర్చుందో నాకు తెలియదు.

ఆమె అడ్డు చెప్పలేదు గనక గదిలోకి పోయాను. ఒక మూలన ఎల్లస్వామి సామాను. కంబళి నాలుగు మూలలూ సమంగా మడిచి, దాని మీద పళ్లెం బోర్లించి, పళ్లెం మీద చెంబు పెట్టి ఉంది. ఇంట్లో పడుకునేవాడు ఎవడూ పక్క అట్లా సర్దడు. అది జైలు సర్దుడు. చెంబు చెవి నుంచి గోడదాకా సాలెపురుగు గూడు అల్లింది. మనిషి ఈ కంబళి విప్పి చాలా రోజులైంది.

రెండో మూలన ఒక పెద్ద ఖాళీ కాగు పక్కకు ఒరిగి ఉంది. ఒకప్పుడు గింజలు పోసుకున్న మట్టి కాగు. కడుపంతా దుమ్ము. మూతి అంచు మాత్రం నున్నగా, తుడిచినట్టుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని, అందులో నోరు పెట్టి, మెల్లగా అన్నాను.

“ఉన్న సార్.”

నా గొంతు నాది కాకుండా పోయింది. బొంగురుగా, నూతిలోంచి వచ్చినట్టు గది అంతా తిరిగింది. 

బయట ఎవరో పరుగెత్తిన చప్పుడు. జంగమ్మ తలుపు దబాలున పడింది.

“ఏం సర్కస్ ఇది?” గుమ్మంలో సీఐ రాజేశ్. శవం అప్పగించే కాగితం మీద నాగులమ్మ వేలిముద్ర కోసం వచ్చాడు. వెనకాల పటేలు కూడా తొంగి చూస్తున్నాడు.

నేను దుమ్ము దులుపుకుని లేచాను. “సార్, ఈ కంబళి చూడండ్రి, ఈ గూడు చూడండ్రి. ఎల్లస్వామి పదిరోజులుగ ఇంట్ల లేడు. కాని గొంతు వచ్చింది. ఈ కాగుల నోరు పెట్టి ఎవరో పలికిన్రు. సైదులు వచ్చిండు, కొట్టిండు, విన్నడు. మీ కానిస్టేబుల్ అబద్ధం ఆడలేదు.”

“ఎవరు పలికిన్రు?”

“ఎల్లస్వామి కనపడలేదని తెలిస్తే వెతుకులాట మొదలైతది. అది మొదలు కావద్దనుకున్నోడు పలికించిండు.”

“పేరు చెప్పు.”

నా దగ్గర పేరు లేదు.

“కాగు సాక్ష్యం చెప్పిందని రాసుకోమంటవా?” రాజేశ్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “రాంచందర్, నాకు సైదులంటే కోపం లేదు. వాని బిడ్డ పుట్టినరోజుకు నేను పోయొచ్చిన. కాని ఎవరో ఒకరు జవాబు చెప్పాలె.”

“ఎవరో ఒకరు కాదు సార్, చేసినోడు చెప్పాలె. సైదులు చేసిన తప్పు ఒక్కటే, ఒక మనిషి పరువు కాపాడుదామనుకున్నడు. మీరు చేసిన తప్పు, నలుగురు తిరిగే పనికి ఒక్కన్ని పెట్టిన్రు.”

అది అనకుండా ఉండాల్సింది. అతని మొహం నల్లబడింది.

“పో. ఇంకోసారి నా ముందట కనపడకు. ఫోన్ చేసినా ఎత్తను.”

నాగులమ్మ వేలిముద్ర వెయ్యలేదు. బొటనవేలు పిడికిట్లో దాచుకుని కూర్చుంది. రాజేశ్ విసుక్కుని జీపు ఎక్కాడు. పటేలు మాత్రం నన్ను మర్యాదగా సాగనంపాడు.

“ఇంటికొచ్చి చాయ్ తాగి పోండ్రి సారూ. మంచి తెలివి మీది. కాగు సంగతి మాకెవ్వలకు తట్టకపాయె.”

* * *

టీ కొట్టు దాకా వచ్చి స్కూటర్ తాళం తీశాక గుర్తుకొచ్చింది. మూడో దెబ్బకు కదిలిన ఆ పెదాలు.

స్కూటర్‌ను అక్కడే వదిలేసి ఇళ్ల వెనక నుంచి తిరిగి వచ్చాను. పొద్దుగూకుతోంది. వాడలో అప్పటికే తలుపులన్నీ పడ్డాయి. ఒక్క బల్బు వెలుగులో నాగులమ్మ రెండు పళ్లాల్లో అన్నం పెట్టి కూర్చుంది. రెండో పళ్లెం ఎవరికో అడగక్కర్లేదు. నేను తలుపు దగ్గరగా వేసి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

“అవ్వా, పలికింది నువ్వే గద.”

ఆమె రెండో పళ్లెం దగ్గరికి జరుపుకుంది.

“జైలుకు తీస్కపోతరని,” అంది చివరికి. “గారోజు పొద్దుగూకినా రాలే. నేను దర్వాజల నిలవడ్డ. గప్పుడు ఒకాయన వచ్చి చెప్పిండు. ‘బిడ్డకు బాగలేదని ఫోనొస్తే కల్వకుర్తి దవాఖానకు పోయిండు, పోలీసోల్లను అడుగకుంట పోయిండు, తెలిస్తె మల్ల లోపటేస్తరు. వాడు వచ్చెదాక నువ్వే పలుకు’ అని. కాగుల పలుకమన్నది గూడ ఆయననే.”

“ఎవలు గా మనిషి?”

“పేరు చెప్పనని కొడుకు మీద ఒట్టు వెట్టించుకున్నడు.”

“నిహారికకు ఫోన్ చేసి అడిగినవా?”

“వద్దన్నడు. పోలీసోల్లు వింటరంట.” ఆమె అన్నం మెతుకులను వేలితో సర్దింది. “నిన్న మల్లొచ్చి చెప్పిండు, గుంతల తేలింది వేరేటోడు, నువ్వు నోరు తెరువకు అని.”

నాకు కోపం రావాలి. ఈమె పలికిన రెండు మాటల వల్ల ఒక అమాయకుడు హంతకుడవుతున్నాడు. రేపు కోర్టు. అతనికి స్కూలుకు పోయే బిడ్డ ఉంది. ఈమె నోరు తెరిస్తే చాలు, బయటపడతాడు. కానీ నోరు తెరవాలంటే ముందు ఈమె కొడుకు చచ్చిపోయాడని ఒప్పుకోవాలి. సాక్ష్యం కావాలంటే నేను ఆమె దగ్గర్నుంచి కొడుకును గుంజుకోవాలి. పెళ్లి సంబంధాలు చూసుకుంటూ ఉండిపోయినా బాగుండేది అనిపించింది.

“నీ కొడుకు ఒకరి మాట మీద లోపలికి పోయిండంట. ఏం మాట అవ్వా?”

ఆమె నా వైపు మొదటిసారి సూటిగా చూసింది.

“నా కొడుకు ఎవ్వల్ని సంపలే. నేను చేసిన్నని ఒప్పుకున్నడు, గంతే. ఒప్పుకుంటె రెండెకరాలు రాస్తమన్నరు, బిడ్డను సదివిస్తమన్నరు. తొందరగ ఇడిపిస్తమన్నరు. పదిహేనేండ్లాయె. గారోజు భూమి సంగతి అడగనీకె పోయిండు.”

“ఎవల కాడికి?”

ఆమె నోరు తెరిచింది.

బయట బండ మీద కర్ర పడింది.

సైదులు స్టేషన్‌లో ఉన్నాడు. రాజేశ్ వెళ్లిపోయాడు. ఈ ఇంటి ముందు కర్ర కొట్టాల్సిన అవసరం ఇప్పుడు ఏ మనిషికీ లేదు. నేను పలకొద్దని చెయ్యి అడ్డంగా ఊపాను. నాగులమ్మ అప్పటికే లేచింది. నన్ను చూడటం లేదు. పది రోజుల అలవాటు ఆమెను నడిపిస్తోంది.

కణ్. రెండోసారి. ఆమె కాగు ముందు వంగింది. వట్టి కట్టె రాతి మీద అట్లా మోగదు. ఆ ఇత్తడి చప్పుడు మధ్యాహ్నం నేను విన్నాను.

కణ్. మూడోసారి.

“ఉన్న సార్.”

ఆ గొంతును నేనిప్పటికీ మరిచిపోలేదు. నా ముందు వంగి ఉన్నది పిడికెడు మనిషి. గదిలో మోగింది నలభై ఏళ్ల మగవాడి గొంతు. ఒక్క క్షణం, మూలనున్న కంబళి విప్పి ఎల్లస్వామే లేచాడనిపించింది. ఆమె పదిరోజులుగా రోజుకొకసారి కొడుకు గొంతు వింటోంది. అందుకే నమ్మగలిగింది.

 నాగులమ్మ కాగు వదిలి తలుపు దగ్గరికి నడిచింది. ఈసారి తన సొంత గొంతుతో అడిగింది.

“పటేలా, మీ కర్ర సప్పుడు నాకు తెల్వదా. వాడు కల్వకుర్తికెల్లి ఎప్పుడొస్తడు? ఒక్క మాట చెప్పుండ్రి. మీరు చెప్పినట్టే చేసిన గద.”

జవాబు లేదు. ఎవరో తలుపుకు దగ్గరగా ఊపిరి పీలుస్తున్నారు. తర్వాత బయటి గొళ్లెం పడింది.

ఆ చప్పుడుకు నాకు ప్రాణభయం పట్టుకుంది. నాగులమ్మకు మాత్రం ఆ చప్పుడుతోనే కొడుకు చనిపోయాడని అర్థమైంది. ఆమె మొహంలో అది నేను చూశాను. నేను చెప్పలేకపోయిన మాటను ఆ గొళ్లెం చెప్పేసింది.

“అయితే గుంతల ఉన్నది వాడే,” అంది మెల్లగా.

నేను తలుపును భుజంతో గుద్దాను. పాతకాలపు టేకు, కదల్లేదు. గదికి కిటికీ లేదు. సీఐ నంబరు నొక్కాను. రింగ్ పోతోంది. ఎత్తడం లేదు. మధ్యాహ్నం కాగు గుట్టు పటేలు ముందే విప్పి, ఈమె మీదికి ఆయన్ని తోలుకొచ్చింది నేనే. ఆమె లోపలే ఉందని తేల్చుకోవడానికే ఆ మూడు దెబ్బలు. నేను లోపలున్నానని ఆయనకు తెలుసో తెలియదో. తెలిసినా చేస్తున్న పని మానుకునేలా లేడు. తలుపు కింది సందులోంచి తడి ఒకటి పాక్కుంటూ వచ్చి నా చెప్పులకు తగిలింది. పెట్రోలు వాసన.

“అవ్వా, వాడ వాళ్లను పిలువు. నా గొంతుకు ఎవ్వలు రారు.”

నాగులమ్మ కాగును కాలితో తన్నింది. అది దొర్లి గోడకు తగిలి రెండు ముక్కలైంది. ఆమె తలుపుకు నోరు ఆనించి, పదిరోజులు మింగిన గొంతునంతా బయటికి తీసింది.

“జంగమ్మా.”

వాడలో కదలిక లేదు. సీఐ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను.

“జంగమ్మా.”

ఎదురింట్లో ఏదో గిన్నె కదిలినట్టయింది. ఎవరో తలుపు దాకా వచ్చి ఆగారు. రెండు పిలుపులకు ఆ వాడలో ఎవరూ పలకరు. పిలిచేది మనిషో కాదో వాళ్లకింకా తెలియదు.

తలుపు అవతల అగ్గిపెట్టె తెరిచిన చప్పుడైంది. నాగులమ్మ మూడోసారి పిలవడానికి ఊపిరి తీసుకుంది.